ఏటిసూతకంలో ఎర్రదారం

మా నాయనమ్మ, సముద్రాన్ని కాచే అమ్మవారు మాజు తల్లిని అడగకుండా ఏ పనీ చేసేది కాదు. అడగడమంటే చేతులు జోడించి మనసులో అనుకోవడం కాదు. మా రేవు గుళ్ళో కజ్జికాయల్లా వంపు తిరిగిన చెక్కలు రెండుంటాయి, ఒకవైపు చదునుగా, ఇంకోవైపు ఉబ్బుగా. వాటిని దోసిట్లో పట్టుకుని, పేరూ ఇల్లూ చెప్పుకుని, అడగాల్సింది అడిగి నేలమీద వదలాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మవారు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడి ఊగుతూ ఉంటే నవ్వుతున్నట్టు.

నాయనమ్మ 'వద్దు'ని పెద్దగా లెక్కచేసేది కాదు. మాట మార్చి మళ్ళీ అడిగేది.

"ఫ్రిజ్జు కొననా తల్లీ?" అని అడిగితే ఒకసారి వద్దని వచ్చింది. నాయనమ్మ చెక్కలు ఏరుకుని కాస్త ఆలోచించింది. "పోనీ, కొనకుండా ఎండాకాలమంతా చేపలు కుళ్ళబెట్టుకోమంటావా?" అంది. దానికీ వద్దనే వచ్చింది. "అదీ అలా చెప్పు" అని మోకాళ్ళు దులుపుకుని లేచి, అటునుంచి అటే కొట్టుకి వెళ్ళి ఫ్రిజ్జు బేరమాడి వచ్చింది.

నా పెళ్ళప్పుడూ ఇదే తంతు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న పెద్ద పడవల మీద దూర సముద్రాలకి వేటకెళితే రెండేళ్ళకోసారి కనబడేవాడు. ఇంట్లో మగదిక్కు ఉండాలని నాయనమ్మ హోక్-లాయ్‌ని ఇల్లరికం తేవాలనుకుంది. చెక్కలు వేస్తే అమ్మవారు నవ్వింది. మళ్ళీ వేస్తే మళ్ళీ నవ్వింది.

"నవ్వింది కదా, నచ్చినట్టేలే" అంది నాయనమ్మ.

"నవ్వితే జవాబు కాదు సోక్ వదినా. నీ మాటలో ఏదో తక్కువైందని అర్థం" అన్నాడు గుడి చూసుకునే తోంగ్ తాత.

"ఏం తక్కువైంది? కుర్రాడికి కాస్త పొడుగు తక్కువ, అంతేగా" అని నాయనమ్మ ముహూర్తం పెట్టించేసింది. హోక్-లాయ్ ఇప్పటికీ దెప్పుతుంటాడు, "మీ ఇంట్లో నన్ను చూసి అమ్మవారే నవ్వింది, ఇక మీరొక లెక్కా" అని.

అడగడం ఒకటైతే, చెప్పడం ఇంకొకటి. ఇంట్లో ఏ కబురైనా నాయనమ్మ నోటి మీదుగా గుడికి చేరాల్సిందే. ఆవిడ వేళ్ళకి కీళ్ళవాతం వచ్చి, ఆల్చిప్పలు ఒలిచే కత్తి పట్టుకోలేకపోయిన ఏడు, నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసి ఆ పీట మీద కూర్చున్నాను. ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని గుడికి వెళ్ళింది. చెక్కల జోలికి పోలేదు. "పిల్లని బడి మాన్పించాను. నాకు ఇష్టం లేదు, దానికీ ఇష్టం లేదు. నీకు తెలియాలని చెబుతున్నాను" అని, ఊదొత్తి గుచ్చి వచ్చేసింది. దారిలో నాకు జామకాయ కొనిపెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను, ఉప్పగా బాగుంది.

మా అమ్మాయి ఆ-చు పుట్టి ఏడాది నిండకముందు ఓ మధ్యాహ్నం జ్వరం వచ్చి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నేను కేక పెట్టడం కూడా మర్చిపోయాను. పిల్లని హోక్-లాయే మోటారు సైకిల్ మీద క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, జ్వరానికి వచ్చే ఫిట్సేనని, పెద్దయ్యాక వాటంతటవే పోతాయని, సిరప్ రాసిచ్చాడు. నాయనమ్మ ఆ సిరప్ సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ వెయ్యి. నేనూ నా పని చేసొస్తా" అని పిల్లని ఎత్తుకుని గుడికి పోయింది. ఆ-చుని మాజు తల్లికి దత్తత ఇచ్చేసింది. మా వైపు నలతగా ఉండే పిల్లలని అలా ఇస్తారు. పిల్ల మనింట్లోనే పెరుగుతుంది, కానీ అమ్మవారి కూతురు. మెడలో ఎర్రదారం, దానికి ఊదొత్తుల బూడిద కుట్టిన చిన్న ఎర్రసంచీ. ఏటా అమ్మవారి పుట్టినరోజుకి గుడికి వెళ్ళి, పాతదారం తీయించి కొత్తది కట్టించుకోవాలి.

ఆ తర్వాత మళ్ళీ ఫిట్స్ రాలేదు. సిరప్ వల్లో దారం వల్లో నాకు తెలియదు. రెండిట్లో ఏది వదిలేయడానికీ నాకు ధైర్యం లేదు.

నాయనమ్మ పోయిన చలికాలంలో పోయింది. మధ్యాహ్నం ఆల్చిప్పలు వేసిన సేమ్యా తిని, "ఉప్పు కాస్త తగ్గిందే యెన్" అని, వెదురు కుర్చీలో వెనక్కి వాలింది. నేను ఉప్పు డబ్బా తీసుకుని వచ్చేసరికి ఇక లేదు. మునిమనవరాలిని కూడా ఎత్తుకున్నాకే పోయిన మనిషి కాబట్టి చావు కూడా సగం పండగలాగే జరిగింది. బ్యాండు వాళ్ళు ఎక్కువసేపు వాయించారని ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు.

అంతా బాగానే ఉంది కానీ, ఏటిసూతకం వచ్చి పడింది. ఏడాది తిరిగేదాకా మా ఇంట్లోవాళ్ళెవరూ గుడి గడప తొక్కకూడదు. అమ్మవారి పుట్టినరోజేమో మా పంచాంగం మూడో నెలలోనే వస్తోంది.

ఆ-చు దారం చూస్తే పీచులు పీచులుగా ఉంది. పళ్ళొచ్చేటప్పుడంతా దాన్నే నమిలింది. ఒకవైపు సన్నని పోగు మీద వేలాడుతోంది. నేను పొద్దున లేవగానే దాని మెడ చూసేదాన్ని, ఆల్చిప్పలు ఒలుస్తూ మధ్యలో లేచి వచ్చి చూసేదాన్ని.

"తెగితే ఏమవుతుంది?" అన్నాను హోక్-లాయ్‌తో.

"తెగితే నేను కడతాను. వల అల్లే నైలాన్ దారం. అది దాని పెళ్ళికి కూడా తెగదు."

"నీకన్నీ ఎగతాళే."

"ఎగతాళి కాదే. డాక్టరు ఏమన్నాడు? పోతాయన్నాడు కదా."

"ఎప్పుడు పోతాయో చెప్పలేదు కదా."

అతను పిల్ల వైపు చేతులు చాపాడు. పిల్లని ఎత్తుకుని ఆల్చిప్పలు పెంచే తెప్పల వైపు గాలికి తీసుకెళ్తానంటే నేను ఇవ్వలేదు. ఆ జ్వరం నాటి నుంచీ నేను ఆ-చుని నాయనమ్మకి తప్ప ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. ఆల్చిప్పలు ఒలిచేటప్పుడు కూడా వీపుకి కట్టుకునేదాన్ని.

చివరికి మా ఛుయ్ మేనత్తని అడిగాను. ఆచారాల దగ్గర మేనత్తది ఇనప మాట.

"నువ్వు గడప తొక్కడానికి వీల్లేదు. నాకూ వీల్లేదు" అంది.

"పిల్ల?"

మేనత్త గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. "పిల్ల అమ్మవారి కూతురు. పుట్టింటికి వెళ్ళడానికి మైలేమిటని మా అమ్మే ఉంటే వాదించేది. మైల లేనివాళ్ళు ఎవరైనా ఎత్తుకెళ్ళి, ముందు చెక్కలు వేసి అడగాలి. మూడుసార్లు వేసేలోగా అమ్మవారు సరేనంటే మార్పించు. లేదంటే నోరు మూసుకుని వచ్చెయ్."

మా సందంతా తాన్ ఇంటిపేరువాళ్ళే, మా దాయాదులే. అందరికీ మైలే. సందు చివర ఒక్క లిమ్ వాళ్ళ ఇల్లుంది. ఆ ఇంట్లో కిమ్ అవ్వ ఉంది. కిమ్ అవ్వకీ మా నాయనమ్మకీ పడేది కాదు. రోజూ అమ్మవారికి మొదటి ఊదొత్తి ఎవరిదన్నది వాళ్ళ పంతం. ఒకరిని చూసి ఒకరు ఇంకా పెందలాడే లేచి పోటీ పడుతుంటే, విసిగిపోయిన తోంగ్ తాత సూర్యుడు కనబడితే గానీ గుడి తలుపు తీయనని తెగేసి చెప్పాడు. అప్పట్నుంచీ ఇద్దరూ తలుపు ముందు పక్కపక్కనే నిలబడి, భుజాలతో నెట్టుకునేవాళ్ళు.

నేను వెళ్ళేసరికి కిమ్ అవ్వ వాకిట్లో ఎండురొయ్యలు తిరగేస్తోంది. తల ఎత్తకుండానే, "మా గుమ్మం ఇప్పటికి కనబడిందా?" అంది.

"మైలదాన్నవ్వా. లోపలికి రాను, ఇక్కడే చెబుతాను."

"రమ్మని ఎవరన్నారు? చెప్పు."

చెప్పాను. రొయ్యలు తిరగేయడం ఆపకుండా విన్నది.

"అంటే, సోక్ వదిన మునిమనవరాలిని నేను మొయ్యాలి. బతికినన్నాళ్ళూ నా ఊదొత్తి కన్నా ముందు తన ఊదొత్తి గుచ్చింది, పోయాక నాతో ఊడిగం కూడా చేయిస్తోందన్నమాట."

"ఇష్టం లేకపోతే వద్దులే అవ్వా."

"ఇష్టం లేదన్నానా? మీ ఇంటోళ్ళందరిదీ ఇదే వరస, సగం విని లేచిపోతారు. పండగ రోజు తొక్కిసలాటగా ఉంటుంది. ముందురోజు పొద్దున్నే వెళ్దాం. పిల్లకి టోపీ పెట్టు, రేవులో గాలి."

ఆ రోజు నేను టోపీతో పాటు సిరప్ సీసా, చెంచా, తడిగుడ్డ, పొడిగుడ్డ, మరగబెట్టిన నీళ్ళూ సంచీలో పెట్టుకుని బయల్దేరాను. కిమ్ అవ్వ సంచీని కిందా మీదా చూసి, "గుడికా, జపాన్‌కా?" అంది.

దారిలో ఆ-చు నా భుజం మీద నుంచి అవ్వ చెవి పోగుని పట్టుకోబోతోంది. అవ్వ తల పక్కకి తిప్పుతూ నడుస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"మీ నాయనమ్మ అమ్మవారి మీద అలిగిన సంగతి నీకు తెలుసా?"

"అలగడమా? నాయనమ్మా?"

"మీ తాత పడవ తిరిగి రాలేదు కదా, ఆ చలికాలం. మర్నాడు మీ నాయనమ్మ గుడికి వస్తుందా రాదా అని చూస్తున్నా నేను. వచ్చింది. ఊదొత్తి వెలిగించింది, గుచ్చింది. తర్వాత అమ్మవారికి వీపు పెట్టి నిలబడింది. అలాగే, సముద్రం వైపు చూస్తూ. మాటా లేదు, దణ్ణమూ లేదు. మర్నాడూ అంతే. చలికాలం పొడుగునా అంతే. ఇదేం పద్ధతని ఎవరో అడిగితే ఏమందో తెలుసా? 'రావడం మానలేదుగా, ఇంకేం కావాలి?' అంది."

"మరి ఎప్పుడు తిరిగింది?"

"ఓ రోజు తిరిగింది. ఎందుకని నన్నడక్కు. ఆ రోజు నేను ముందొచ్చి ఊదొత్తి గుచ్చేశాను, ఆ ఉక్రోషానికి తిరిగిందేమో" అని అవ్వ కిసుక్కున నవ్వింది.

"నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు."

"అమ్మవారికే చెప్పలేదు, నీకు చెబుతుందా!"

గుడి వచ్చేసింది. మర్నాటి చేతిబొమ్మలాటకి గుడి ఎదురుగా వెదుళ్ళు కట్టి పందిరి వేస్తున్నారు. సుత్తుల మోత. నేను దారికి ఇవతల, పందిరి గుంజ పక్కన ఆగిపోయాను. ఇక ఆ-చుని ఇవ్వాలి.

"అవ్వా, పొగ దగ్గర మరీ నిలబెట్టకు. ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే వెంటనే పిలు. కళ్ళు గానీ తేలేస్తే..."

"కళ్ళు తేలేస్తున్నది నువ్వు. ఇటివ్వు. గంపెడు పిల్లల్ని పెంచాను."

నా వేళ్ళు నేనే విడదీసుకోవాల్సి వచ్చింది. ఆ-చు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇందాకటి నుంచీ అందని చెవిపోగు ఇప్పుడు చేతికి అందింది మరి.

గుడి చిన్నది. ఇవతల నుంచి చూస్తే లోపల దీపాల మధ్య అమ్మవారి నల్లటి మొహం కనబడుతుంది. తరతరాల ఊదొత్తుల పొగకి నల్లబడిన మొహం. అవ్వ పిల్లని చంకలో పెట్టుకునే వంగి ఏదో గొణిగింది. చెక్కలు రాతి మీద పడిన చప్పుడు ఇక్కడికి వినబడింది.

"నవ్వింది!" అని తోంగ్ తాత గొంతు.

మళ్ళీ గొణుగుడు, మళ్ళీ చప్పుడు.

"మళ్ళీ నవ్వింది. ఇక ఒక్కటే ఉంది, చూసి వెయ్యి కిమ్ వదినా."

అవ్వ గడప దాకా వచ్చి అక్కణ్ణుంచే అరిచింది. "నవ్వుతోందే! నీ పెళ్ళికి నవ్వినట్టే నవ్వుతోంది!"

పందిరి వేసేవాళ్ళు సుత్తులు ఆపి నా వైపు చూశారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఇంకొకటి వెయ్యొద్దు! ఆగు! ఏమని చెప్పావు?"

"అన్నీ చెప్పాను. రేవు సందు, తాన్ సోక్ ఇంటి పిల్ల, పేరు ఆ-చు, దారం మార్పించాలి, ఇంట్లో సూతకం కాబట్టి నేను తెచ్చాను, నేను లిమ్ వాళ్ళ కిమ్‌ని."

"సూతకం ఎవరిదని చెప్పావు?"

"ఎవరిదేమిటే? ఊరందరికీ తెలుసుగా."

"అమ్మవారికి తెలుసా?"

నాయనమ్మ పోయినప్పటి నుంచీ మా ఇంట్లోవాళ్ళెవరూ ఈ గడప తొక్కలేదు. ఫ్రిజ్జు కొన్నా, పిల్ల బడి మానినా వచ్చి చెప్పిన మనిషి, తను పోయిన కబురు తను చెప్పుకోలేదు కదా. చెప్పాల్సినవాళ్ళం మేము. మైల అని ఇంట్లో కూర్చున్నాం.

"తాతా, నువ్వైనా చెప్పలేదా?" అని అరిచాను.

తోంగ్ తాత టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఇంటి కబురు ఇంటోళ్ళు చెప్పాలమ్మా. మీరెవరో చెప్పించి ఉంటారనుకున్నా."

"ఇన్నాళ్ళూ పొద్దున్నే నేనొక్కదాన్నే వస్తున్నా. సోక్ వదిన మళ్ళీ వీపు తిప్పిందేమో అనుకుని ఉంటుంది అమ్మవారు" అంది కిమ్ అవ్వ. ఈసారి అరవలేదు. అయినా నాకు వినబడింది.

"నువ్వు చెప్పెయ్ అవ్వా."

అవ్వ లోపలికి వెళ్ళింది. అమ్మవారి ముందు నిలబడింది. మళ్ళీ బయటికి వచ్చింది.

"నావల్ల కాదు. నేను చెబితే సంతోషంగా చెబుతున్నానని అనుకుంటుంది. ఇన్నేళ్ళు ఆవిడ ముందే పోట్లాడుకున్నాం. నువ్వు చెప్పు."

"నేను లోపలికి రాకూడదు!"

"రమ్మన్నానా? అక్కణ్ణుంచే చెప్పు" అన్నాడు తోంగ్ తాత. అమ్మవారి పక్కన చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడే దేవుడి వైపు చెయ్యి చూపించాడు. ఎంత దూరం మాటైనా గాలిలో పట్టుకుని అమ్మవారికి చేరవేసేది ఆయనే. "ఈయన ఉన్నది ఇంకెందుకు? కాస్త గట్టిగా చెప్పు."

అంతమంది ముందు నేనెప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. బళ్ళో కూడా వెనక బల్లే నాది. పందిరి గుంజ పట్టుకున్నాను.

"అమ్మా! నేను రేవు సందు తాన్ సోక్ మనవరాల్ని, యెన్‌ని! మా నాయనమ్మ పోయింది!"

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి అనిపించింది. చావుకి వచ్చినవాళ్ళకి మేనత్తే చెప్పుకుంది, నాన్న పడవకి వైర్‌లెస్‌లో హోక్-లాయే చెప్పాడు. నేను వంటా పిల్లా చూసుకున్నాను.

"చలికాలంలో పోయింది! సేమ్యా తిని పోయింది, ఉప్పు తగ్గిందంది, బాధపడలేదు! నీ మీద అలిగి రాకపోవడం కాదు! పోయే ముందురోజు కూడా వచ్చింది, నువ్వు చూసే ఉంటావు! చెప్పడం ఆలస్యమైంది, మాకు తోచలేదు! ఇక పొద్దున్నే రాదు! సూతకం అయ్యాక నేనొస్తాను, కానీ అంత పెందలాడే రాలేను, పిల్ల ఉంది!"

ఇంకా ఏమైనా చెప్పాలేమో అనుకున్నాను. ఏమీ లేదు. పందిరి మీద ఉన్న ఒకతను టోపీ తీసేశాడు. అవ్వ గుళ్ళో అటు తిరిగి నిలబడి ముక్కు చీదుకుంటోంది.

తర్వాత అవ్వ పిల్లని కిందికి దించి, చెక్కలు రెండు చేతుల్లోకి తీసుకుంది. గొణుగుడు చాలాసేపు సాగింది. వదిలింది. ఒక చెక్క అక్కడే పడింది. రెండోది గిరగిరా తిరుగుతూ అమ్మవారి బల్ల కిందికి పోయింది. ఆ-చు దాని వెనకే పాక్కుంటూ బల్ల కిందికి దూరింది.

"ముట్టుకోకు! ముట్టుకోకు!" అని అవ్వ, తాత, నేను, పందిరివాళ్ళు అందరం ఒక్కసారే అరిచాం.

ఆ-చు ముట్టుకోలేదు. చెక్క పక్కన బోర్లా పడుకుని దాన్నే చూస్తోంది. తోంగ్ తాత నేల మీద చెంప ఆనించి, కళ్ళు చికిలించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బల్ల కిందది బోర్లా! బయటిది వెల్లకిలా! సరేనంది!"

కొత్త దారం కట్టడం నేను చూడలేకపోయాను, తాత వీపు అడ్డమొచ్చింది. పాత సంచీనే ఊదొత్తుల పొగ మీద తిప్పి, కొత్త దారానికి ఎక్కించాడని అవ్వ తర్వాత చెప్పింది. అవ్వ పిల్లని ఎత్తుకుని దారి దాటి వచ్చేసరికి, ఆ-చు చేతిలో నైవేద్యం ఎర్ర బిళ్ళ ఉంది. తాబేలు ఆకారంలో చేసే బంక బియ్యపు బిళ్ళ, సగం తినేసింది, మిగతా సగం బుగ్గలకి ఉంది. మెడలో దారం మిరపపండులా ఎర్రగా ఉంది.

"రా తల్లీ" అని చేతులు చాపాను.

ఆ-చు నన్ను చూసింది. చూసి, అటు తిరిగి అవ్వ భుజంలో మొహం దాచుకుంది.

"ఊహూ" అంది.

"నేనేం నేర్పలేదమ్మా" అంది కిమ్ అవ్వ, నేర్పినంత సంబరంగా. "అదే అంటోంది."

ఇంకోసారి పిలిచాను. ఇంకోసారి ఊహూ అంది. సరే పదమని నడిచాం. అవ్వ దారి పొడుగునా పిల్ల బరువు మీద సణుగుతూనే ఉంది, ఇది పిల్లా బియ్యం మూటా, మీ నాయనమ్మ పోలికే, పట్టుకుంటే వదలదు, అని. నా చేతులు ఊరికే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచాను. కాసేపటికి అది కూడా మానేశాను.

మా సందు మొదట్లో అవ్వ ఆగింది.

"రేపు బొమ్మలాటకి దీన్ని తీసుకెళ్తా. మీరెలాగూ రాకూడదు కదా."

"రేపా? ఆ జనంలోనా? టపాకాయలు కాలుస్తారు అవ్వా."

"అందుకే కదా పిల్లలు వెళ్ళేది."

ఆ-చు నిద్రలోకి జారుతోంది. అవ్వ చెవిపోగుని మాత్రం వదల్లేదు. దాని నుదురు మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది.

"ఎన్నింటికి తీసుకొస్తావు?" అన్నాను.

"ఆట అయ్యాక."

"మధ్యలో నీళ్ళు తాగించు. టోపీ తీసి పారేస్తుంది, మళ్ళీ పెడుతూ ఉండాలి."

"తెలుసే" అంది అవ్వ. "పొద్దున్నే తయారుచేసి ఉంచు. ఆలస్యమైతే నేను ఆగను."